పసికందు ఒంటిమీద ఎర్రచుక్కలు

తల్లి రక్తంలోని రక్షణశక్తే కడుపులోని బిడ్డ రక్తకణాలను నశింపజేసే వింత వ్యాధి ఒకటి ఉన్నది. మొదటి బిడ్డలో దానిని గుర్తించి కాగితం మీద పెడితే, తరువాతి బిడ్డను కాపాడుకోవచ్చు.

జగదల్‌పూర్ నుంచి దర్భా కనుమ మీదుగా సుక్మా వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద తోంగ్‌పాల్ ఉన్నది. ఆ రహదారే ఇంకా దక్షిణానికి పోయి, కోంటా దగ్గర ఛత్తీస్‌గఢ్ ఎల్లలు దాటి, చింతూరు, భద్రాచలం మీదుగా కృష్ణాతీరాన ఇబ్రహీంపట్నం చేరుతుంది. తోంగ్‌పాల్ చుట్టుపక్కల అడవిలో పల్లెలు దూరదూరంగా ఉంటాయి. గోండీ, ధుర్వా, హల్బీ మాటలు అక్కడ వినిపిస్తాయి.

అటువంటి పల్లెలో, పురుడు వచ్చి మూడు రోజులైన ఇల్లు ఒకటి అనుకుందాం. మూడవనాటి ఉదయం మితానిన్ ఆ గుమ్మం ఎక్కుతుంది. ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో 2002 నుంచి పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలను ఆ పేరుతో పిలుస్తారు. నేస్తురాలు అని దాని అర్థం. బిడ్డను తూచడం, ఒళ్లు వెచ్చగా ఉన్నదీ లేనిదీ చూడడం, బొడ్డు పరీక్షించడం ఆమె పనులు.

ఈ బిడ్డ నెలలు నిండి పుట్టినవాడు. తగిన బరువున్నాడు, పాలు తాగుతున్నాడు, జ్వరం లేదు. అయితే చుట్టిన గుడ్డ విప్పగానే పొట్టమీద, తొడలమీద ఆవగింజకంటె చిన్నవైన ఎర్రని చుక్కలు కనిపించాయి. పిరుదు మీద కమిలినట్లు నల్లని మచ్చ ఒకటి. ఇంటి పెద్దావిడ చెమటకాయలంటుంది. పొరుగామె దోమకాట్లంటుంది. మితానిన్ వేలితో నొక్కి చూసింది. చుక్క మాయం కాలేదు.

ఆ చుక్కలు చర్మం కింద చిందిన రక్తం. చర్మంలో జరిగినది మెదడులోనూ జరగవచ్చు. రాగల కొన్ని గంటలలో ఆ ఇంటివారు ఏమి చేస్తారన్న దానిమీద ఈ బిడ్డ భవిష్యత్తే గాక, ఇంకా పుట్టని అతని తమ్ముడిదో చెల్లెలిదో ప్రాణం కూడా ఆధారపడి ఉండవచ్చు.

రక్తనాళాల కాపలాదారులు

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలతోబాటు ప్లేట్‌లెట్లనే సూక్ష్మకణాలు ఉంటాయి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత ఉంటుంది ఒక్కొక్కటి. ఎముకల మూలుగలోని పెద్ద కణాలనుంచి ఇవి తునకలుగా విడివడి వస్తాయి. వీటి ఆయుర్దాయం ఎనిమిది నుంచి పది రోజులు. రక్తనాళపు గోడలో ఎక్కడ చిన్న చిల్లు పడినా అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కొని బిరడా వేసినట్లు మూసివేయడం వీటి పని.

ఆరోగ్యవంతుని రక్తంలో ఘనమిల్లీమీటరుకు లక్షా యాభైవేల నుంచి నాలుగున్నర లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. నెలలు నిండిన శిశువుకూ ఇదే లెక్క. లక్షా యాభైవేలకు తగ్గితే తక్కువని, యాభైవేలకు దిగితే తీవ్రమైన కొరత అని వైద్యులంటారు.

ప్లేట్‌లెట్లు తగ్గడానికి కారణాలు అనేకం. పురిటిబిడ్డ రక్తంలో సూక్ష్మజీవులు చేరినా, పుట్టుకలో ఊపిరాడకపోయినా, తల్లికి గర్భంతో రక్తపోటు పెరిగి బిడ్డ గర్భంలో ఎదగకపోయినా తగ్గుతాయి. కాన్పు రోజులలో తల్లికి డెంగీ ఉంటే బిడ్డకు సోకవచ్చు. బస్తర్ వంటి చోట మలేరియాను మరువరాదు. తల్లినుంచి బిడ్డకు అరుదుగా సంక్రమించే ఆ జ్వరమూ ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. అయితే ఈ సందర్భాలలో బిడ్డ సాధారణంగా నలతగా ఉంటాడు. పాలు తాగడు, ఒళ్లు చల్లబడుతుంది లేదా కాలుతుంది. నెలలు నిండి, చలాకీగా పాలు తాగుతున్న బిడ్డ ఒంటిమీద మొదటి రెండు మూడు రోజులలోనే ఎర్రచుక్కలు కనిపించాయంటే, అనుమానించవలసిన వ్యాధి మరొకటి ఉన్నది. దాని పేరు పొడవైనది: అల్లోఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. యూరప్ సంతతి ప్రజలలో వెయ్యి, రెండువేల కాన్పులకు ఒకటి చొప్పున ఇది కనిపిస్తుంది.

ఒక వైద్యుని సాహసం

రక్తంలోని రక్షణశక్తి ప్లేట్‌లెట్ల మీదనే తిరగబడగలదని నిరూపించినవాడు విలియం హారింగ్టన్ అనే అమెరికన్ యువ వైద్యుడు. 1950లో సెయింట్ లూయీ నగరంలోని బార్న్స్ ఆస్పత్రిలో, ప్లేట్‌లెట్లు నశించే వ్యాధితో బాధపడుతున్న ఒక మహిళ రక్తాన్ని దాదాపు అరలీటరు తన నరంలోకి ఎక్కించుకున్నాడాయన. కొద్ది గంటలలోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు మాయమైపోయాయి. మూర్ఛ వచ్చింది. ఒంటిమీద ఎర్రచుక్కలు లేచాయి. కొన్ని రోజుల తరువాత కణాలు తిరిగి పెరిగి ఆయన కోలుకున్నాడు.

ఆ మహిళ రక్తద్రవంలోని ఏదో పదార్థం ఆరోగ్యవంతుని ప్లేట్‌లెట్లను కూడా సంహరించగలదని అట్లా తేలింది. ఆ పదార్థమే ప్రతిరక్షకం. శరీరంలో చొరబడిన పరాయి వస్తువును పట్టుకోవడానికి రక్తం తయారుచేసే ఆయుధమది. 1953లో హారింగ్టన్, ఆయన సహచరులు నవజాత శిశువులలోనూ ఇటువంటి వ్యవహారమే నడుస్తున్నదని వివరించారు. 1959లో నెదర్లాండ్స్‌లో వాన్ లోగెమ్ బృందం ప్లేట్‌లెట్ల ఉపరితలం మీద ఒక ప్రత్యేకమైన గుర్తును కనుగొన్నది. నేడు దానిని హెచ్.పి.ఎ.-1ఎ అంటున్నారు. అది ఉన్నవారికి, లేనివారికి గల తేడా ఎంత? ఒకే ఒక మాంసకృత్తులో, 33వ స్థానంలో, ఒక్క అమైనో ఆమ్లం మారడమే. ఈ సంగతి 1989లో తెలిసింది. అంత చిన్న తేడాకు ఒక ప్రాణం పోవచ్చు.

తల్లికి తెలియని పోరు

బిడ్డ రక్తంలో సగం గుర్తులు తండ్రినుంచి వస్తాయి. తల్లికి లేని గుర్తు ఒకటి తండ్రిద్వారా బిడ్డకు వచ్చిందనుకుందాం. గర్భంలో తల్లి రక్తానికి ఆ గుర్తు తారసపడితే, కొందరు తల్లులలో అది పరాయిదని తోచి ప్రతిరక్షకాలు తయారవుతాయి. వీటికి మావిని దాటే శక్తి ఉన్నది. సాధారణంగా ఇది ప్రకృతి చేసిన మేలు. తల్లి అనుభవించిన జబ్బులపై ఆమె సంపాదించిన రక్షణను బిడ్డకు అందించే దారి ఇదే. ఇక్కడ ఆ దారిలోనే శత్రువు నడిచిపోతుంది. తల్లి ప్లేట్‌లెట్లమీద ఆ గుర్తు లేదు కనుక ఆమెకు ఏమీ కాదు. బిడ్డ ప్లేట్‌లెట్లు మాత్రం ఒక్కొక్కటిగా రాలిపోతాయి.

ఆర్‌హెచ్ రక్తవర్గం పడకపోవడం గురించి చాలామంది విని ఉంటారు. అక్కడ మొదటి బిడ్డ సాధారణంగా క్షేమంగా పుడతాడు. ప్రమాదం తరువాతి కాన్పులది. దానిని నివారించే సూదిమందు 1968 నుంచి వాడుకలో ఉన్నది. ప్లేట్‌లెట్ల విషయంలో మొదటి బిడ్డే దెబ్బతినడం పరిపాటి. అటువంటి నివారణ మందు దీనికి ఇంకా వాడుకలోకి రాలేదు.

గుర్తించిన తీవ్రమైన సందర్భాలలో పదింట ఒక బిడ్డకు, కొన్ని లెక్కలలో అంతకంటె ఎక్కువమందికి, మెదడులో రక్తస్రావం జరుగుతుంది. అందులో అధికభాగం పుట్టకముందే, తల్లి కడుపులోనే జరిగిపోతుంది. బతికిన బిడ్డలలో కొందరికి చూపు మందగించడం, కాళ్లుచేతులు బిగుసుకొనిపోవడం, మూర్ఛలు మిగులుతాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. తల్లి తిన్న తిండి, చేసిన పని, పట్టిన గ్రహణం దీనికి కారణాలు కావు. ఆమె పాలు విషమూ కావు. బిడ్డకు తల్లిపాలు ఆపనక్కరలేదు. ఈ మాట ఆ ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

అడగవలసిన ఒక్క ప్రశ్న

తోంగ్‌పాల్ పల్లెలోని ఆ బిడ్డ వద్దకు తిరిగి వద్దాం. కాన్పు బిగువుగా జరిగినప్పుడు, బొడ్డుతాడు మెడకు చుట్టుకొన్నప్పుడు ముఖం మీద మాత్రమే ఇటువంటి చుక్కలు రావడం కద్దు. అవి పెరగవు, రెండు మూడు రోజులలో మాసిపోతాయి. పొట్టమీద, కాళ్లమీద వచ్చి, కొత్తవి పుడుతూ ఉంటే ఆలస్యం చేయరాదు. చామనఛాయ, నల్లని ఒంటిమీద ఇవి సులువుగా కనబడవు. అరికాళ్లు, నోటిలోపలి అంగిలి చూడాలి. బొడ్డునుంచి ఆగకుండా రక్తం రావడం, మలంలో రక్తం, నడినెత్తి మాడు ఉబ్బడం, పాలు మానడం, మూర్ఛ వంటివి మరింత అత్యవసర సూచనలు.

ఆస్పత్రిలో మొదటి పరీక్ష రక్తకణాల లెక్క. మడమ గుచ్చి తీసిన రక్తం గడ్డకట్టుకొని తప్పుడు లెక్క చూపవచ్చు కనుక, నరంనుంచి తీసి మరొకసారి లెక్కించాలి. గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పుట్టగానే విటమిన్ 'కె' సూదిమందు పడని బిడ్డకు కూడా రక్తస్రావం కావచ్చు. అయితే అక్కడ ప్లేట్‌లెట్ల లెక్క సరిగానే ఉంటుంది.

బిడ్డ లెక్క తక్కువని తేలాక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తల్లి ప్లేట్‌లెట్లు ఎన్ని?

ఏ చిన్న ప్రయోగశాలలోనైనా జరిగే ఈ పరీక్ష దారిని రెండుగా చీలుస్తుంది. తల్లి లెక్క కూడా తక్కువగా ఉంటే, ఆమె శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకొంటూ ఉండవచ్చు. హారింగ్టన్‌కు రక్తమిచ్చిన మహిళ వ్యాధి అదే. అటువంటి తల్లుల బిడ్డలలో పదింట ఒకరికి లెక్క యాభైవేలకు దిగుతుంది. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరికంటె తక్కువ. అయితే పుట్టిన రెండవ రోజునుంచి అయిదవ రోజు వరకు లెక్క ఇంకా పడిపోవచ్చు కనుక మళ్లీ మళ్లీ చూడాలి. గర్భిణులలో అనేకమందికి చివరి నెలలలో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గడం సహజం. దానివలన బిడ్డకు హాని లేదు.

తల్లి లెక్క సలక్షణంగా ఉండి, బిడ్డ లెక్క అడుగంటితే అనుమానం బలపడుతుంది. అప్పుడు తల్లిదండ్రులిద్దరి ప్లేట్‌లెట్ గుర్తులను పోల్చి, తల్లి రక్తంలో తండ్రి ప్లేట్‌లెట్లకు విరుద్ధమైన ప్రతిరక్షకాలున్నాయా అని చూస్తారు. ఈ పరీక్షలు దేశంలో కొన్ని పెద్ద కేంద్రాలలోనే జరుగుతాయి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. చికిత్స అంతవరకు ఆగకూడదు.

అయిదు రోజుల సంచి

తోంగ్‌పాల్ నుంచి ఆ బిడ్డ చేరవలసిన పెద్ద ఊరు జగదల్‌పూర్. అక్కడ 2006లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. ఇంకా పెద్ద ఆస్పత్రి కావాలంటే దాదాపు 300 కిలోమీటర్ల అవతల రాయ్‌పూర్. 2012 నుంచి అక్కడ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పనిచేస్తున్నది.

దూరం ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు. రక్తంలోని ఎర్రకణాలను శీతలపేటికలో వారాల తరబడి దాచవచ్చు. ప్లేట్‌లెట్లను అట్లా దాచరు. వాటిని 20 నుంచి 24 డిగ్రీల వేడిలో, ఎడతెగకుండా ఊపుతూ ఉంచాలి. అప్పుడైనా సాధారణంగా అయిదు రోజులే. కనుక చిన్న ఊళ్లలో ఇవి నిలవ ఉండవు; ఎక్కడ ఉంటే అక్కడికి బిడ్డను చేర్చాలి.

నెలలు నిండిన బిడ్డకు రక్తస్రావం లేకున్నా లెక్క ముప్పైవేలకు దిగితే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. రక్తస్రావం ఉంటే యాభైవేల నుంచి లక్ష వరకు నిలపడానికి ప్రయత్నిస్తారు. ఆ ప్రత్యేకమైన గుర్తు లేని దాతవి దొరికితే మేలు, ఎందుకంటే వాటిని తల్లి ప్రతిరక్షకాలు పట్టుకోలేవు. అటువంటి దాత ఒకరు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటారు: ఆ తల్లే. అయితే ఆమె రక్తద్రవంలో ప్రతిరక్షకాలుంటాయి కనుక, ఆమె ప్లేట్‌లెట్లను బాగా కడిగి, వికిరణంతో శుద్ధిచేసి బిడ్డకు ఎక్కించాలి. బిడ్డను కొట్టిన చేయే బిడ్డను నిలబెట్టడమంటే ఇదే.

అటువంటివి దొరకలేదని చేతులు ముడుచుకొని కూర్చోరాదు. ఏ దాతవైనా సరే ఎక్కించి, దానితోబాటు నరంద్వారా ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వవచ్చునని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలాది దాతల రక్తద్రవంనుంచి తీసిన ప్రతిరక్షకాల మిశ్రమమది. పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా తలకు అల్ట్రాసౌండ్ తీసి మెదడులో రక్తమున్నదేమో చూడాలి.

అవసరానికి మించి ఎక్కించడమూ మంచిది కాదు. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్ ఆస్పత్రులలో నెలలు నిండని 660 మంది శిశువులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. లెక్క యాభైవేలకు దిగగానే ప్లేట్‌లెట్లు పొందిన బిడ్డలలో నూటికి 26 మందికి మరణమో పెద్ద రక్తస్రావమో సంభవించగా, పాతికవేల వరకు వేచిన వారిలో అది 19 మాత్రమే. ఆ పరిశీలన ఈ వ్యాధికి సంబంధించినది కాకపోయినా, ప్లేట్‌లెట్లను టానిక్కువలె వాడరాదని వైద్యలోకానికి నేర్పింది.

తల్లినుంచి వచ్చిన ప్రతిరక్షకాలు బిడ్డ ఒంట్లో కొత్తగా పుట్టవు. ఉన్నవి క్రమంగా కరిగిపోతాయి. ఒకటి నుంచి నాలుగు వారాలలో, అరుదుగా ఇంకొంత కాలానికి, బిడ్డ లెక్క దానంతటదే పెరుగుతుంది. ఆ గండం గడిస్తే వ్యాధి మళ్లీ రాదు.

తరువాతి బిడ్డ

బిడ్డ కోలుకొని ఇంటికి వచ్చాక కథ ముగిసిందనుకోవడం సహజం. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. తల్లి రక్తం ఆ గుర్తును మరచిపోదు. తండ్రికి ఆ గుర్తు రెండు ప్రతులుగా ఉంటే తరువాతి ప్రతి బిడ్డకూ అది వస్తుంది; ఒక్క ప్రతి ఉంటే సగం అవకాశం. వచ్చిన బిడ్డకు వ్యాధి సాధారణంగా మొదటివానికంటె తక్కువగా ఉండదు. మొదటి బిడ్డకు మెదడులో రక్తస్రావం జరిగి ఉంటే, చికిత్స లేకుండా తరువాతి బిడ్డకూ జరిగే అవకాశం చాలా ఎక్కువ.

1983లో పారిస్‌లో ఫెర్నాండ్ డఫోస్ బృందం, అల్ట్రాసౌండ్ సాయంతో గర్భస్థ శిశువు బొడ్డుతాడునుంచి సూదితో రక్తం తీసే పద్ధతిని వివరించింది. ఆ దారినే కడుపులోని బిడ్డకు ప్లేట్‌లెట్లు ఎక్కించారు కూడా. అయితే గడ్డకట్టని రక్తమున్న బిడ్డకు ఆ సూదిపోటే ప్రాణాంతకం కావచ్చు. 1988లో న్యూయార్క్‌లో జేమ్స్ బస్సెల్ బృందం మరో దారి చూపింది. అంతకుముందు బిడ్డలు ఈ వ్యాధికి గురైన ఏడుగురు గర్భిణులకు వారం వారం ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. ఆ ఏడుగురు బిడ్డలలో ఒక్కరికీ మెదడులో రక్తస్రావం కాలేదు. నేడు ఎక్కువచోట్ల సూది మానుకొని ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు. గత కాన్పు తీవ్రతనుబట్టి మూడవ నెల చివరనుంచి అయిదవ నెలలోపు మొదలుపెట్టి, కాన్పు వరకు కొనసాగిస్తారు.

తల్లి బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున లెక్కిస్తే, 50 కిలోల తల్లికి వారానికి 50 గ్రాముల మందు కావాలి. ఇది ఖరీదైన మందు. అడవి పల్లెనుంచి వారం వారం నగరానికి రావడం మరొక ఖర్చు. అందువల్ల ఇది అందరికీ అందుతున్నదని చెప్పలేము. అయితే డబ్బుతో పనిలేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. కాన్పు పెద్ద ఆస్పత్రిలో జరిగేలా ముందే ఏర్పాటు చేసుకోవడం, గర్భిణి ఆస్పిరిన్ వంటి మాత్రలు వైద్యుని అడగకుండా మింగకపోవడం, ప్రసవంలో పట్టుకారు, వాక్యూమ్ వాడకుండా చూడడం, బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్కించడం, తగిన ప్లేట్‌లెట్ల సంచి ఆనాటికి సిద్ధంగా ఉంచడం.

ముందుగానే కనిపెట్టవచ్చునా?

నార్వే దేశంలో లక్షమందికి పైగా గర్భిణులను పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. హెచ్.పి.ఎ.-1ఎ గుర్తు లేనివారు నూటికి ఇద్దరు. వారిలో పదింట ఒకరికి ప్రతిరక్షకాలు కనిపించాయి. మన దేశానికి ఈ లెక్కలను యథాతథంగా తెచ్చుకోలేము. తూర్పు ఆసియా ప్రజలలో ఆ గుర్తు లేనివారు బహు అరుదు. అక్కడ వేరే గుర్తులు, ముఖ్యంగా సి.డి.36 అనే మాంసకృత్తు లేకపోవడం ఈ వ్యాధికి కారణమవుతున్నాయి. కనుక ఇక్కడ పరీక్ష చేసేవారు ఒక్క గుర్తు చూసి లేదని తేల్చివేయరాదు.

గర్భిణులందరికీ పరీక్ష జరిగే రోజు వచ్చేవరకు, ఈ వ్యాధిని కనిపెట్టే సాధనం మొదటి బిడ్డ చర్మమే. దానిని చదవగలిగిన మనిషి ఇంటి గుమ్మంలోకి రావాలి. ఆమె చూసినది ఆస్పత్రికి చేరాలి. ఆస్పత్రిలో తేలినది ఆ కుటుంబం చేతికి రావాలి.

అందుకే చివరి మందు ఒక కాగితం. బిడ్డ ప్లేట్‌లెట్లు ఎన్ని, తల్లివి ఎన్ని, ఏ అనుమానంతో ఏ చికిత్స జరిగింది, తరువాతి గర్భం రాగానే ఎవరిని కలవాలి అనే నాలుగు సంగతులు దానిమీద ఉండాలి. కాన్పులో బిడ్డ పోయినా సరే, ఆ కాగితం మరింత అవసరం. "పుట్టి పోయాడు" అన్న రెండు మాటలతో ఎందరి కథలో ముగిసిపోతాయి. కారణం తెలియని చావు తరువాతి కాన్పుకు ఏ హెచ్చరికా ఇవ్వదు.

తోంగ్‌పాల్ పల్లెలోని ఆ ఇంట్లో, బట్టల పెట్టె అడుగున, రేషన్ కార్డు పక్కన ఆ కాగితం మడిచి పెట్టి ఉన్నదనుకుందాం. రెండేళ్ల తరువాత ఆ తల్లికి మళ్లీ నెల తప్పింది. మితానిన్ గుమ్మం ఎక్కి, తల్లీబిడ్డల కార్డుతోబాటు ఆ పాత కాగితం కూడా తెమ్మని అడిగింది. రెండవ బిడ్డకు వైద్యం ఆ క్షణాన మొదలైంది.